సార్వభౌముడి కౌలు

బంగారు నాణేలతో స్నానం చేసిన కవి, శిస్తు బాకీ పడి నడివీధిలో ఎండకు నిలబడ్డాడు. రాజులకు అంకితమిచ్చిన కావ్యాలు బీరువాల్లో ఉన్నాయి. ఎవరికీ అంకితమివ్వని పద్యాలు మాత్రం మన నోళ్లలో తిరుగుతున్నాయి.

పొగడదండకు రెండు అర్థాలున్నాయి. పొగడపూలు గుచ్చి మెడలో వేసే దండ ఒకటి. బాకీ పడ్డవాడి మెడకు తగిలించి ఎండలో నిలబెట్టే శిక్ష రెండోది. శ్రీనాథుడి పేరు మీద చలామణీలో ఉన్న ఒక సీసపద్యం ఈ రెండర్థాల సందులోంచి పుట్టింది. నాలుగు పాదాలు. పాదానికో బిరుదు, పాదానికో శిక్ష. మెడకు పొగడదండ, భుజాన నల్లగుండు, కాళ్లకు సంకెళ్లు, ముంజేతికి వెదురు గొడియ. వాటి పక్కనే కవిరాజు, సార్వభౌముడు, నైషధకర్త, వీరభద్రారెడ్డి విద్వాంసుడు. చిత్రమేమిటంటే ఎక్కడా ఏడుపు లేదు. దండ తనను కౌగిలించుకుందంటాడు. వెదురు గొడియతో వియ్యం కుదిరిందంటాడు. తనను కట్టేసిన సామాన్లతోనే పెళ్లివారి వరస కలుపుకుంటున్నాడు.

ఆ కింద ఎత్తుగీతిలో లెక్క అప్పజెబుతాడు. పంటను కృష్ణమ్మ మోసుకుపోయింది. నువ్వులూ పెసలూ పిట్టలు తినేశాయి. గుత్తకు పట్టిన బొడ్డుపల్లెను నమ్ముకుని మోసపోయాను. ఏడు వందల టంకాలు ఎక్కణ్నుంచి తెచ్చేది?

ఎనిమిదో తరగతిలో మా తెలుగు మాస్టారు ఈ పద్యం చదివి, పుస్తకం మూసి, "ఇది సిలబస్‌లో లేదురా, అందుకే గుర్తుంటుంది" అన్నారు. ఆయన అన్నట్టే అయింది. సిలబస్‌లో ఉన్నవేవీ ఇప్పుడు నాకు నోటికి రావు.

విద్యాధికారి గారి సంతకం

కొండవీడు మీదికి ఇప్పుడు ఘాట్‌రోడ్డు ఉంది. ఆదివారం పూట కార్లు బారులు తీరతాయి. పైన చెరువుల గట్టున పులిహోర పొట్లాలు విప్పుకుంటారు. కూలిన గోడల మీదెక్కి సెల్ఫీలు దిగుతారు. కొండ నెత్తిన మూడు చెరువులుండటం అక్కడి వింత. కింద చుక్క నీరు లేని రోజుల్లోనూ పైన తామరలు పూస్తాయని ఊళ్లోవాళ్లు గొప్పగా చెబుతారు. నేను వెళ్లింది ఓ మంగళవారం పొద్దున. మేకలు కాసే కుర్రాడు తప్ప మనిషి లేడు. "ఇక్కడ శ్రీనాథుడుండేవాడు తెలుసా?" అనడిగితే, "ఏ శ్రీనాథ్, అన్నా?" అన్నాడు. తప్పు కుర్రాడిది కాదులెండి. కొండ మీద నాకు కూడా గోడలే కనిపించాయి, కవి కనిపించలేదు.

కనిపించే చోటు కొండ దిగువన, ఫిరంగిపురంలో ఉంది. పెదకోమటి వేమారెడ్డి 1402 నుంచి 1420 దాకా కొండవీటిని ఏలాడు. ఆయన రాణి సూరాంబ అక్కడ సంతానసాగరమనే చెరువు తవ్వించి శాసనం వేయించింది. ఆ శాసనం రాసింది విద్యాధికారి శ్రీనాథుడని అందులోనే ఉంది. మనం కవి అనగానే జుట్టు చెదిరి, ఆకాశంలోకి చూసే మనిషిని ఊహించుకుంటాం. ఈయన పక్కా సర్కారు ఉద్యోగి. ఏ పండితుడు రాజదర్శనానికి తగినవాడో, ఎవరికి ఎంత సంభావన ఇవ్వాలో తేల్చే కుర్చీలో కూచున్నాడు. పైగా రాజు కూడా సామాన్యుడు కాదు. 'సాహిత్య చింతామణి' రాసినవాడు, అమరుకానికి వ్యాఖ్యానం చేసినవాడు. చదువుకున్న యజమాని దగ్గర పనిచెయ్యడం ఎంత సుఖమో, ఎంత కష్టమో ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లోనే శ్రీహర్షుడి నైషధాన్ని తెలుగు చేశాడు. మంత్రి మామిడి సింగనకు అంకితమిచ్చాడు. దాని మీదో చతురోక్తి ఇప్పటికీ పండితుల నోట వినిపిస్తుంది. సంస్కృత సమాసాలను ఉన్నవున్నట్టు దించి, చివర తెలుగు విభక్తి తగిలించాడని కొందరు ఎద్దేవా చేశారట: 'నీ డుమువులు నువ్వు తీసుకుని మా నైషధం మాకు ఇచ్చెయ్' అని. అన్నది ఎవరో గాని గట్టివాడే. దానికి శ్రీనాథుడు నేరుగా జవాబు చెప్పినట్టు లేదు. భీమేశ్వర పురాణంలో మాత్రం ఒకచోట, నా భాషను కొందరు సంస్కృతమంటారు, కొందరు తెలుగంటారు, ఎవరేమనుకుంటే నాకేం, నాది కర్ణాట భాష అని తేల్చేశాడు. ఎవరికీ చెందకుండా ఉండటాన్ని అంత ధీమాగా చెప్పుకున్న తెలుగు కవి ఆయనకు ముందు నాకు కనిపించడు. నిండు కొలువులో కూచుని ఆ మాట అన్నాడన్నది గుర్తుపెట్టుకోవాలి. ఒంటరితనం అడవుల్లోనే దొరుకుతుందని ఎవరన్నారు?

కర్పూరం చెట్లు తెప్పించిన సెట్టి

డబ్బు సంగతికొస్తే, శ్రీనాథుడు రాజుల మీదే ఆధారపడ్డాడనుకోవడం పొరపాటు. హరవిలాసాన్ని అంకితం పుచ్చుకున్న కృతిభర్త అవచి తిప్పయ్య సెట్టి రాజు కాదు, మంత్రీ కాదు. ఓడ వ్యాపారి. ఆ కావ్యం అవతారికలో తిప్పయ్య తెప్పించే సరుకుల పట్టీ ఉంది. నిజంగా పట్టీయే. పంజారం నుంచి కర్పూరం చెట్లు, జలనోంగి నుంచి బంగారం, సింహళం నుంచి ఏనుగులు, హురుముంజి నుంచి గుర్రాలు, గోవా నుంచి జవ్వాది, భోట దేశం నుంచి కస్తూరి, చీనా నుంచి పట్టు. సుమత్రా దీవి నుంచి పర్షియా సింధుశాఖ దాకా సముద్రమంతా ఒక సీసంలో ఇమిడిపోయింది. ఓడల రకాలు కూడా పేర్లతో సహా చెప్పాడు: కప్పలి, జోంగు, వల్లి. కప్పలి తమిళ మాట. జోంగు అంటే తూర్పు సముద్రాల మీద తిరిగిన పెద్ద ఓడ. ఇంగ్లీషువాళ్లు తర్వాత జంక్ అన్నది దాన్నే. ఈ మాటలు కోటలో కూచుంటే చెవిన పడవు. శ్రీనాథుడి తాత కమలనాభుడు సముద్రతీరాన ఉన్న కాల్పట్టణం వాడు. ఓడలు దిగే చోట వినపడే మాటలు ఆ ఇంటికి కొత్త కాదు.

ఈ వ్యాపారం ఊరికే నడవలేదు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో 1244లో కాకతీయ గణపతిదేవుడు అభయశాసనం వేయించాడు. అంతకు ముందు, తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా రాజుదే. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించాడు. సుంకం కట్టించుకుని సరుకు ఎవరిది వాళ్లకే వదిలేస్తామన్నాడు. 1358లో కొండవీటి అనపోతారెడ్డి కూడా అదే రేవులో వర్తకులకు మళ్లీ భరోసా ఇచ్చాడు. రేవు బాగుంటే సెట్టి బాగుంటాడు, సెట్టి బాగుంటే కావ్యం బాగుంటుంది. కర్పూర వసంతరాయడని పేరుపడ్డ కుమారగిరిరెడ్డి వసంతోత్సవాల్లో జల్లిన సుగంధాలన్నీ తిప్పయ్య కొట్లోంచి వెళ్లినవే. రాజుగారి వసంతం సెట్టిగారి ఖాతాలో ఉందన్నమాట.

అంకితమంటే ఏమిటో కూడా చెప్పుకోవాలి. ఇప్పటిలా మొదటి పేజీలో 'మా అమ్మానాన్నలకు' అని ఒక్క ముక్క రాసి వదిలేసేది కాదు. అవతారికలో కృతిభర్త వంశం మొత్తం, తాతముత్తాతల నుంచి. తర్వాత షష్ఠ్యంతాలు. ప్రతి ఆశ్వాసం మొదట్లో ఆయన్ని పిలవాలి, చివర మళ్లీ పిలవాలి. పాఠకుడు కథలో మునిగి ఊపిరి బిగబట్టే సమయానికి కృతిభర్త వచ్చి నిలబడతాడు. టీవీ సీరియల్లో ప్రకటనలాగా అనొచ్చు గాని, మర్యాద కాదు. అదీ గాక ఆ ప్రకటనల వల్లే ఇవాళ మనకు తిప్పయ్య సెట్టి ఎవరో, మామిడి సింగన ఎవరో తెలుసు.

పేదరికం కవిత్వానికి తల్లి అనే మాట నాకు గిట్టదు. అది సాధారణంగా కడుపు నిండినవాళ్లు చెప్పే మాట. నైషధం, హరవిలాసం, భీమేశ్వర పురాణం, కాశీఖండం అన్నీ దినవెచ్చానికి లోటు లేని రోజుల్లో రాసినవే. తాటాకులకు, లేఖకుడికి, దీపంలో నూనెకు ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి. కాకపోతే ఇచ్చే చెయ్యి పైనుంటుంది, పుచ్చుకునే చెయ్యి కిందుంటుంది. శ్రీనాథుడి గడుసుతనమంతా ఆ రెండు చేతుల ఎత్తు తారుమారు చెయ్యడంలో ఉంది. సాంపరాయని కొడుకు తెలుంగరాయణ్ని కస్తూరి అడిగిన పద్యం చూడండి. అందులో భిక్ష అన్న మాట ఉంది. ఆ వెంటనే 'సేయురా' అనే పిలుపు కూడా ఉంది. రాజును ఏరా అంటూ భిక్ష అడిగిన మొనగాడు. ఆ కస్తూరి తనకు కూడా కాదట, దాక్షారామం ఆడవాళ్ల కోసమట!

కుల్లాయి పెట్టుకున్న రోజు

విజయనగరం ప్రయాణం ఆయన జీవితంలో శిఖరం. ప్రౌఢదేవరాయల కొలువులో గౌడ డిండిమభట్టును వాదంలో ఓడించి, అతని కంచుఢక్కను పగలగొట్టించి, ముత్యాలశాలలో దీనార టంకాలతో అభిషేకం చేయించుకున్నాడని చెబుతారు. ఓడిన పండితుడి ఢక్క పగలగొట్టడమంటే ఇవాళ్టి లెక్కలో అతని నోటి ముందు మైకు లాగేసుకోవడమే. గెలిచినవాడికి పూలదండ వేస్తే చాలు గదా, ఓడినవాడి వాయిద్యం బద్దలుకొట్టడం ఎందుకు? అధికారం రుచి మరిగినవాళ్లకే ఆ సరదాలు. శ్రీనాథుడు ఆ రోజు సరదా పడ్డాడు.

నాకు ఆ అభిషేకం కంటే, దానికి ముందు దేవరాయల దర్శనం కోసం పడిగాపులు పడ్డ రోజుల పద్యం ఎక్కువ నచ్చుతుంది. తెలుగువాడికి అలవాటు లేని వేషం వెయ్యాల్సొచ్చింది. నెత్తిన కుల్లాయి, ఒంటికి పొడవాటి అంగీ. తిండి చూస్తే వెల్లుల్లి, నువ్వుల పిండి. తాగడానికి అంబలి. భోజనప్రియుడు, కాశీఖండంలో విందు వర్ణిస్తూ పేజీలు నింపినవాడు, అవన్నీ మింగుతూ రోజులు లెక్కపెట్టుకున్నాడు. చివరికి కన్నడ రాజ్యలక్ష్మిని తల్లీ అని పిలిచి, దయ లేదా, నేను శ్రీనాథుణ్ణి అంటాడు. ఆ చివరి ముక్కలో బిరుదులన్నీ రాలిపోయాయి. సెక్రటేరియట్ వరండాలో, కలెక్టరాఫీసు బెంచీ మీద, పెద్దింటి గేటు దగ్గర నిలబడి 'నేను ఫలానా అండీ' అన్న ప్రతివాడి గొంతూ ఆ ముక్కలో వినిపిస్తుంది. ఊళ్లో తనెవరో అందరికీ తెలుసు. ఇక్కడ తనే చెప్పుకోవాలి.

ఇంకో సంగతి గమనించారా? ముత్యాలశాలలో ఎన్ని టంకాలు కురిశాయో ఏ పద్యంలోనూ లెక్క లేదు. బొడ్డుపల్లె బాకీ మాత్రం కచ్చితంగా ఏడు వందలు. వచ్చిన డబ్బు ఎంతో ఎవరికీ గుర్తుండదు. ఇవ్వాల్సిన డబ్బు అంకెతో సహా గుర్తుంటుంది. మనిళ్లల్లో కూడా అంతే గదా, పెళ్లికి వచ్చిన చదివింపులు మర్చిపోతాం, పెళ్లికి చేసిన అప్పు పిల్లలు పెద్దయ్యాక కూడా చెప్పుకుంటాం.

పల్నాటి జొన్నన్నం

కొండవీటి రాజ్యం కూలింది. కవి రాజమహేంద్రవరం చేరాడు. అక్కడ బెండపూడి అన్నయ మంత్రికి భీమేశ్వర పురాణం, వీరభద్రారెడ్డికి కాశీఖండం ఇచ్చాడు. ఆ కొలువూ నిలవలేదు. గజపతులు దిగివచ్చి తీరాంధ్రం పట్టుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు పోషకులు పోయారు. మిగిలింది దారి.

ఆ దారిలోవే చాటువులు, అప్పటికప్పుడు నోటికొచ్చిన విడి పద్యాలు. పల్నాడు వెళితే సన్నబియ్యం లేదు, జొన్నన్నం. మన్మథుడైనా ఇక్కడ జొన్నకూడే తినాలి, రంభ అయినా దూది ఏకులు వడకాలి అని వెక్కిరించాడు. నీళ్లు లేక నోరెండిపోతే శివుడితో బేరం పెట్టాడు: నీకు ఇద్దరు పెళ్లాలెందుకయ్యా, గంగను వదిలెయ్, పార్వతి చాలు. కృష్ణుణ్నీ వదల్లేదు. పదహారు వేలమందిని చేసుకోవడం డబ్బున్నవాడికి చెల్లుతుంది గాని, తిరిపెమెత్తేవాడికి ఇద్దరెందుకని శివుడికే చురక పెట్టాడు. దప్పికతో ఉన్నవాడు దేవుణ్ని నీళ్లడిగితే అది మొర. దేవుడి కాపరం గురించి సలహా ఇస్తే అది శ్రీనాథుడు. పల్నాటివాళ్లు ఆయన మీద కోపం తెచ్చుకోవాలి నిజానికి. వాళ్లే ఆ పద్యాలను ఎక్కువ మురిపెంగా చదువుతారు. మాచర్ల వైపు పెళ్లిలో ఓ పెద్దాయన జొన్నరొట్టె విరుస్తూ ఆ పద్యమే చదవడం నేను చెవులారా విన్నాను. పైగా వాళ్ల పల్నాటి వీరుల కథను ద్విపదలో రాసిపెట్టిందీ ఆయనే అంటారు. తిట్టినా మనవాడే అనిపించుకోవడం అందరికీ దొరికే భాగ్యం కాదు.

ఆకలి ఆయనకు కొత్త వస్తువేం కాదు. కాశీఖండంలో వ్యాసుడికి కాశీలో భిక్ష దొరకని కథ ఉంది. పదో తరగతి తెలుగు వాచకంలో 'భిక్ష' పాఠంగా రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలూ చదివారు. ఆకలి ఆపుకోలేక వ్యాసుడు ఊరినే శపించబోతాడు. పార్వతి ముత్తయిదువ రూపంలో వచ్చి మందలించి అన్నం పెడుతుంది. శివుడు మాత్రం ఊరు విడిచిపొమ్మంటాడు. వేదాలు విభజించిన మనిషి ఒక్కపూట కోపానికి ఊరి బయటికి నడవాలి. ఆ కథ రాసేటప్పుడు శ్రీనాథుడికి బంగారు పళ్లెంలో భోజనం వస్తోంది. తర్వాత రాకుండా పోయింది.

ఆయన చివరి పద్యంగా చెప్పేది ఆ లెక్కే. ఒకరు కాశీ విశ్వేశుణ్ని చేరారు, ఇక రత్నాంబరాలెవరిస్తారు? ఇంకొకరు కైలాసానికి పోయారు, దినవెచ్చం ఎవరు జరుపుతారు? కస్తూరి ఇచ్చే చెయ్యి లేదు, హేమపాత్ర భోజనం పెట్టే పంక్తి లేదు. అవసరానికొక మనిషి, మనిషికొక చావు. కిరాణా కొట్టు చిట్టాలా ఉంటుంది. ఇంత మంది పోయారని ఏడుస్తాడనుకుంటాం. ఏడవడు. దేవలోకపు కవుల గుండెలు దడదడలాడేలా నేనొస్తున్నా కాచుకోమంటాడు. అక్కడ కూడా ఎవరిదో ఢక్క పగలగొట్టాలన్న ఉబలాటం చావలేదు మనిషికి!

ఇవన్నీ ఆయనే రాశాడా? గట్టిగా చెప్పేవాళ్లు లేరు. వేటూరి ప్రభాకరశాస్త్రి ఊరూరా తిరిగి చాటువులు ఏరి 'చాటుపద్య మణిమంజరి'లో పోగు చెయ్యకపోతే సగం గాలికి పోయేవి. చాటువుల్లోని శ్రీనాథుడు జనం కలిసి కల్పించుకున్న మనిషని, కావ్యాల శ్రీనాథుడి జీవితచరిత్రగా వాటిని చదవకూడదని వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ వాదించారు. వాళ్ల వాదన కాదనలేనిదే. అయినా నాకు తోచేదొకటి. కావ్యాలకు కృతిభర్తలున్నారు. చాటువుకు లేడు. దాన్ని ఎవరూ కొనలేదు, ఎవరూ అడగలేదు, ఎవరి వంశమూ అందులో లేదు. అలాంటి పద్యం ఆరు వందల ఏళ్లు బతకాలంటే, దారిన పోయేవాళ్లంతా తలా కాసిన్ని మెతుకులు పెట్టాలి. కనకాభిషేకం చేయించుకున్న శ్రీనాథుణ్ని దేవరాయలు పోషించాడు. సంకెళ్లలో నవ్విన శ్రీనాథుణ్ని పోషించింది మనమే.

ఇద్దరు రైతులు

బమ్మెర పోతన కథ పక్కన పెట్టి చూస్తే ఇంకో తమాషా కనిపిస్తుంది. ఇద్దరూ బావామరదులని, శ్రీనాథుడు పల్లకీలో వచ్చి భాగవతాన్ని రాజుకు అంకితమివ్వమని నచ్చజెప్పాడని, పోతన కాదన్నాడని కట్టుకథ. చరిత్రకు నిలవదు గాని, మనకు కావాల్సిన కథ. కె.వి.రెడ్డి తీసిన 'భక్త పోతన'లో నాగయ్యగారు పోతనగా నాగలి పట్టి నిలబడితే థియేటర్లలో చేతులెత్తి మొక్కారట. లక్షలు ఆర్జించిన నాగయ్యగారు చేతికి ఎముక లేకుండా పంచిపెట్టి, 1973లో పోయేనాటికి చేతిలో ఏమీ మిగుల్చుకోలేదన్నది వేరే కథ.

పోతన దున్నాడు. శ్రీనాథుడూ ఆఖరికి దున్నాడు, లేదా దున్నించాడు. పోతన సేద్యాన్ని సాధన అంటాం, ఆయనకు హాలికుడని గౌరవం. శ్రీనాథుడి సేద్యాన్ని పతనం అంటాం. అదే నాగలి, అదే మట్టి. తేడా భక్తిలో ఉందని పెద్దలు చెబుతారు. నాకు తేడా పట్టాలో కనిపిస్తుంది. కథలో పోతనది సొంత పొలం. శ్రీనాథుడిది గుత్త. పండినా పండకపోయినా ఏడొందలు కట్టాలి. సొంత చెక్క ఉన్నవాడు గట్టు మీద ఒంటరిగా కూచుంటే దాన్ని ఏకాంతం అంటారు. కౌలుదారు కూచుంటే, వాడికేదో దిగులు పట్టుకుందంటారు. రాజుకు పద్యం ఇవ్వనని చెప్పగలిగే ధైర్యానికి వెనక ఏ నాలుగు గింజలో ఉండాలి. లేనివాడి ధైర్యం వేరే తీరుగా బయటపడుతుంది, నవ్వులాగా.

శ్రీనాథుడికీ ఓ సినిమా ఉంది. 1993లో బాపుగారు 'శ్రీనాథ కవిసార్వభౌమ' తీస్తే ఆ వేషం ఎన్టీ రామారావు వేశారు. అప్పటికాయనకు డెబ్బయ్యేళ్లు. 1989లో అధికారం పోయింది, ప్రతిపక్షంలో ఉన్నారు. తెర మీద ఆయన ఆఖరి సినిమా అదే. మరుసటేడు డిసెంబరులో మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. 1995 ఆగస్టులో కుర్చీ పోయింది. 1996 జనవరి 18న వెళ్లిపోయారు. రాముడూ కృష్ణుడూ దుర్యోధనుడూ అయిన మనిషి ఆఖరికి ఎంచుకున్న వేషం, కొలువులన్నీ చూసి కొలువులన్నీ పోగొట్టుకున్న కవిది. సినిమా ఆడలేదు. ఆ రోజుల్లో దాన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు చూస్తే ఆ ముఖంలో నటన ఎంతో, నటన కానిదెంతో విడదీయడం కష్టం.

లంకలో

పద్యంలో పంట మోసుకుపోయిన ఆ కృష్ణమ్మకే 2024 సెప్టెంబరు మొదట్లో వరదొచ్చి, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లొచ్చాయి. దిగువన లంకల్లో అరటి, పసుపు, కంద అన్నీ నీళ్ల కింద పడ్డాయి. నేను వెళ్లేసరికి చలికాలం. కొల్లూరు వైపు కరకట్ట దిగి లోపలికి నడిస్తే, అరటి బోదెలు ఇంకా కుళ్లు వాసన కొడుతున్నాయి. పక్కన ఓ చెక్కలో జొన్న కంకి వేసింది. కావలి మంచె కింద ఓ పెద్దాయన బీడీ వెలిగించుకుంటున్నాడు. కౌలుదారు. బాబాయ్ అని పలకరించి కూచున్నాను.

మాటల్లో శ్రీనాథుడి సంగతొచ్చింది. పద్యం చదివి అర్థం చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"కౌలు ముందే కట్టాడా, పంటొచ్చినాక కడతానన్నాడా?"

"తర్వాతే అనుకుంటా, బాబాయ్."

"నయం. మాకు ముందే కట్టాల. మరి పైరు మునిగిందానికి సర్కారు డబ్బులు ఎవరి ఖాతాలో పడ్డయ్యంట?"

నవ్వాను. ఆయన నవ్వలేదు. కౌలుదారుకు సాగుదారు హక్కు కార్డు ఉంటే నష్టపరిహారం అడగొచ్చు. ఆ కార్డు రావాలంటే భూమిగలాయన సంతకం పెట్టాలి. ఈయన భూమిగలాయన హైదరాబాదులో ఉంటాడట. మంచోడేనట, ఫోనెత్తడంతే.

కాసేపటికి ఆయనే మళ్లీ ఎత్తుకున్నాడు. "ఇంతకీ ఏమేశాడన్నావ్? నువ్వులూ పెసలా?"

"ఆ. అవే పిట్టలు తిన్నాయన్నాడు. ఆ పద్యం ఆయన రాసింది కాదని కూడా కొందరంటారు లే."

"ఎవురు రాస్తేనేం, యవసాయం ఎరిగినోడే రాశాడు. ముందేసింది ఏరు కొట్టుకుపోయింది. నీళ్లు తీసినాక ఒండ్రు మీద పెసలు, నువ్వులు చల్లుకున్నాడు. ఆటికి పెట్టుబడుండదు. చేతిలో డబ్బుల్లేనోడు అయ్యే చల్లుతాడు. మేమూ అంతే." బీడీ ఆరిపోతే మళ్లీ వెలిగించుకున్నాడు. "అయితే కావలి లేదన్నమాట. పిట్టలు తినిపోయినయ్యంటే తోలే మనిషి లేడనే గదా. పైరు పాలుపోసుకున్నాక పొద్దున రెండు గంటలు, సందేళ రెండు గంటలు మనిషుండాల. ముసలాళ్లైనా, పిల్లలైనా."

కంకుల మీద పిట్టలు వాలాయి. ఆయన మంచె గుంజకు తగిలించిన వడిసెల తీసుకున్నాడు.

"ఇంట్లో ఎవురూ లేరా ఆయనకి?" అని, నా జవాబు కోసం ఆగకుండా లేచి, వడిసెలలో రాయి పెట్టి రెండు తిప్పులు తిప్పి వదిలాడు. హోయ్ అని ఓ కేక పెట్టాడు. పిట్టల గుంపు మొత్తం ఒక్కసారి లేచి, ఏటి వైపు పోయింది.